సగంలో ఆపిన మాట

తీతు పాట వింటే హనోకుకి ఒళ్ళు మండేది.

కృష్ణ పాయల మధ్య ఓ లంక ఊళ్ళో బర్నబా అయ్యగారి దగ్గర ఇద్దరూ శిష్యులు. హనోకు ముందొచ్చినవాడు. బైబిలు వాక్యమంతా కంఠతా వచ్చు. తీతు నిన్నగాక మొన్న వచ్చాడు. సగం వచనాలు గుర్తుండవు. కానీ వాడు పాట అందుకుంటే ముసలమ్మలు కొంగులతో కళ్ళొత్తుకునేవారు. ఏ ఇంట్లో జబ్బుపడినా, "తీతును పంపండి అయ్యగారూ, ప్రార్థన చేసి వెళ్తాడు" అనేవారు.

ఒకనాడు చేపలు ఎండబెడుతూ కరుణమ్మ తీతును మెచ్చుకుంటోంది. హనోకు నిట్టూర్చాడు.

"గొంతు బంగారమే. ఆ కల్లు వాసనే లేకపోతే..." అని ఆపేశాడు.

అంతే అన్నాడు. మిగతాది ఊరే పూర్తిచేసింది.

తీతును పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. కరుణమ్మ మనవరాలికి జ్వరమొచ్చిందని తెలిసి తనంతట తానే వెళ్తే, ఆమె గుమ్మానికి అడ్డం నిలబడింది. "నువ్వొద్దులే బాబూ. హనోకును రమ్మను."

ఆ కబురు తీతే తెచ్చాడు. "నా వల్ల ఏదో తప్పు జరిగినట్టుంది అన్నా. నీకు తెలిస్తే చెప్పవా?" అన్నాడు.

హనోకు కరుణమ్మ ఇంటికి వెళ్ళి, కాలిపోతున్న పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టాడు. నోట్లోంచి ప్రార్థన రాలేదు.

ఆనాటి నుంచి అన్నం మానేశాడు. చర్చిలో బోర్లా పడి ఏడ్చాడు. కిటికీలోంచి చూసినవాళ్ళు, "ఏం భక్తి! తీతుకి ఇందులో పావలా వంతైనా ఉందా?" అనుకున్నారు. అది చెవిన పడ్డప్పుడు, అంత ఏడుపులోనూ హనోకుకి హాయిగా అనిపించింది. ఆ హాయికి తనే హడలిపోయాడు. పరుగున వెళ్ళి గురువు కాళ్ళ మీద పడి జరిగిందంతా చెప్పేశాడు.

"దేవుడు నన్ను క్షమిస్తాడా అయ్యగారూ?"

"అడిగావా?"

"రోజంతా అదే అడుగుతున్నాను."

"ఆయనకు చెవుడు లేదురా అబ్బాయ్."

"మరి ఇంకేం చెయ్యమంటారు?"

బర్నబా అయ్యగారు లేచారు. బయటికి నడిచి, నడినెత్తిన ఎండలో చర్చి గంట కొట్టారు.

వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు, వంటల దగ్గరున్నవాళ్ళు, "ఎవరు పోయారు? ఎవరు పోయారు?" అంటూ పరుగెత్తుకొచ్చారు. చర్చి నిండిపోయింది. అయ్యగారు వెళ్ళి జనం మధ్య చాప మీద కూర్చున్నారు. ముందర హనోకు ఒక్కడే మిగిలాడు. తలుపు దగ్గర తీతు నిలబడి ఉన్నాడు. చంకలో బట్టల మూట ఉంది. పడవ రేవుకి పోతూ గంట విని ఆగినట్టున్నాడు.

హనోకు జనం వైపు తిరిగాడు.

"తీతు కల్లు ముట్టడు. అది నేను పుట్టించిన మాట. వాణ్ణి మీరు ప్రేమిస్తుంటే చూడలేక పుట్టించాను."

 కరుణమ్మ లేచి తీతు దగ్గరకెళ్ళి, "గుమ్మంలో నుంచే పంపేశాను కదయ్యా నిన్ను!" అని భోరుమంది. జనమంతా వాడి చుట్టూ మూగారు. తీతు వాళ్ళను తప్పించుకుని వచ్చి హనోకు చెయ్యి పట్టుకున్నాడు.

"చెప్పేశావుగా అన్నా. ఇక చాలు."

"ఏం మనసురా తీతుది!" అన్నారెవరో.

సాయంత్రం బర్నబా అయ్యగారు వంటింట్లో గంజి వారుస్తున్నారు. హనోకు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యగారూ, క్షమించినందుకు కూడా వాణ్ణే మెచ్చుకుంటున్నారు. నాకు మళ్ళీ మండుతోంది."

అయ్యగారు కుండ దించి, చేతులు తుడుచుకున్నారు.

"ఆ మంట సంగతి దేవుడికి చెప్పుకో. తీతు పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. వెళ్ళి వాడికి వడ్డించు."