బుచ్చవ్వ కట్ట

టీవీ పెట్టెకు చెక్క తలుపులూ, ఆ తలుపులకు తాళమూ ఉన్న కాలం. ఊరందరికీ కలిపి ఒకటే టీవీ. అది పిండిగిర్ని సుశీలమ్మ ఇంట్లో ఉండేది. ఆ ఊళ్ళో మగవాళ్ళు ఏం చేసేవారో గానీ, ఆడవాళ్ళు మాత్రం బీడీలు చుట్టేవారు. వాళ్ళలో ఒకామె బుచ్చవ్వ.

బీడీలు చుట్టే మనిషి తల ఎత్తదు. చాట ఒళ్ళో, ఆకు వేళ్ళ మధ్య, చూపు ఆకు మీద. తల ఎత్తితే సాయంత్రానికి కట్టలు తగ్గుతాయి. అందుకని వాళ్ళు టీవీ ముందు కూర్చుని టీవీని వినేవారు.

బుచ్చవ్వ మొగుడు లింబాద్రి. ఒకరోజు పొద్దున వాకిట్లోంచి ఎవరో అతన్ని పేరు పెట్టి పిలిచారు. "ఇప్పుడే వస్త," అన్నాడు. చెప్పులేసుకుని పోయాడు. మళ్ళీ రాలేదు. పిలిచింది ఎవరని ఊరు అడిగింది, పోలీసులు అడిగారు, అత్త అడిగింది. బుచ్చవ్వ చూడలేదు. చేతిలో ఆకు ఉంది.

ఆ మరుసటి ఏడు టీవీలో గూఢచారుల సీరియల్ ఒకటి మొదలైంది. పరాయి దేశం వాళ్ళు కొందరు మన ఊళ్ళలో దిగి, దుకాణాలు పెట్టి, పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని కని, పైనుంచి పిలుపు కోసం ఏళ్ళ తరబడి కాచుకుని ఉంటారు. వాళ్ళలో ఒకడు గడియారాలు బాగుచేసేవాడు. అబద్ధం చెప్పే ముందు దగ్గుతాడు. పెళ్ళానికి ఏమీ తెలియదు. ఒకరోజు పిలుపు వస్తుంది, వాడు వెళ్ళిపోతాడు. మాటలన్నీ హిందీ. అందరికీ సగం అర్థమయ్యేది. బుచ్చవ్వకు మిగతా సగం కూడా అర్థమయ్యేది.

చివరి వారం వచ్చింది. టీవీలో గడియ తీసిన చప్పుడైంది. తలుపు కిర్రుమంది. ఆ తర్వాత మాట లేదు, సంగీతమే. ఆడవాళ్ళు తలలెత్తేసరికి పేర్లు పడుతున్నాయి. బీడీలు చుట్టని సుశీలమ్మ ఒక్కతైనా చూసేదే, ఆ వేళకు గిర్ని దగ్గర ఉంది.

మొగుడే తిరిగొచ్చాడని ఒకామె అంది. కాదు, పోలీసులని ఇంకొకామె అంది.

"నువ్వు సూసినవా?"

"నేనెక్కడ? నువ్వు సూసినవనుకున్న."

అందరూ అంతే. ఇంకొకరు చూశారనుకున్నారు. నవ్వుకుని చాటలు ఎత్తుకుని ఇళ్ళకు పోయారు. బుచ్చవ్వకు మాత్రం నవ్వు రాలేదు. ఆ తలుపు దగ్గరికి వచ్చింది ఎవరు? తెలుసుకోనిదే ఆమెకు అన్నం సయించేలా లేదు.

మొదట టౌనులో టీవీలు బాగుచేసే అతని దగ్గరికి పోయింది. సీరియల్ పేరేమిటని అడిగాడు. తెలియదు. ఎవరు నటించారని అడిగాడు. చూడలేదు. ఆ గడియారాలవాడు దగ్గినట్టు దగ్గి చూపించింది. "దగ్గుకైతే దవాఖానకు పోవాలె అవ్వా, నా దగ్గరికెందుకు?" అన్నాడతను. బుచ్చవ్వ ఇంటికొచ్చింది. తల వంచింది. ఆకు చుట్టింది.

తర్వాత క్యాసెట్ల దుకాణానికి పోయింది. ఆ దుకాణమతను మంచివాడు. తన దగ్గరున్న గూఢచారుల క్యాసెట్లన్నీ వేసి వినిపించాడు. తుపాకులు పేలాయి, కార్లు గుద్దుకున్నాయి. "వీళ్ళల్ల ఎవ్వరు ఎవ్వరికోసం ఎదురుసూస్తలేరు బిడ్డా," అని లేచింది. ఇంటికొచ్చింది. తల వంచింది. ఆకు చుట్టింది.

ఏళ్ళు గడిచాయి. టీవీ తలుపులు పోయాయి. గిర్ని పోయింది. బుచ్చవ్వ కంటిచూపు కూడా పోయింది; అలవాటైన వేళ్ళు మాత్రం ఆకు చుడుతూనే ఉన్నాయి. అప్పుడు ఆ ఊరికి అంగన్‌వాడీ టీచరుగా స్వరూప వచ్చింది. బుచ్చవ్వ మూడోసారి అడిగింది. స్వరూప నవ్వలేదు. పాత సీరియళ్ళు వెతుక్కునేవాళ్ళందరూ రాసుకునే చోటు ఒకటి ఫోనులో ఉంటే, దగ్గు సంగతీ, గడియారాల సంగతీ, గడియ చప్పుడు సంగతీ అక్కడ రాసింది. అందరూ ఆ సంగతి మరిచిపోయాక, ఎక్కడో దూరాన ఉన్న మనిషి ఒకాయన జవాబిచ్చాడు. ఆ దగ్గు మా ఇంట్లోనూ అందరికీ గుర్తే అని, చివరి భాగం పంపాడు.

ఆ మధ్యాహ్నం ఆడవాళ్ళందరూ చాటలతో బుచ్చవ్వ వాకిట్లో చేరారు. సుశీలమ్మ ఇంట్లో ఆనాడు బుచ్చవ్వ పక్కనే కూర్చున్న రుక్కవ్వ కూడా వచ్చింది. బుచ్చవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"రుక్కీ, సాట పక్కకు పెట్టు. ఇయ్యాల నువ్వు సూడు. నీ కట్టలు వీళ్ళు సుడుతరు."

స్వరూప ఫోనులో ఆ భాగం పెట్టింది. ఫోనులోంచి దగ్గు వినపడింది. బుచ్చవ్వ వేళ్ళు ఆగిపోయాయి. కాసేపటికి గడియ చప్పుడైంది. తలుపు కిర్రుమంది. సంగీతం మొదలైంది.

"ఎవరొచ్చిండ్రు?"

లింబాద్రిని రుక్కవ్వ ఎరుగును. వచ్చాడు అని ఒక్క మాట అంటే ముసలిదాని ప్రాణం హాయిగా ఉంటుంది. కానీ చూడమని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది ఆ ముసలిదే.

"ఎవరు రాలే, బుచ్చక్కా. వాని పెండ్లామే తలుపు తీసింది. బజారు దిక్కు సూస్తున్నది."

"మల్ల తలుపు ఏసిందా?"

"ఏయలే. పేర్లు పడేదాంక గట్లనే నిలవడ్డది."

"మంచిగ చేసింది," అంది బుచ్చవ్వ. ఆకు అందుకుంది.

ఆ ఎండాకాలమే ఆమె పోయింది.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు టీవీ ముందు బీడీలకు కూర్చుంటే, ఒకామె చాట పక్కన పెట్టి తల ఎత్తుకుని కూర్చుంటుంది. తెర మీద మాటలు ఆగినప్పుడల్లా ఏం కనపడుతోందో ఆమె చెప్పాలి. మిగతావాళ్ళు తలా ఒక కట్ట చుట్టి ఆమె చాటలో వేస్తారు. దాన్ని బుచ్చవ్వ కట్ట అంటారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. వినేవాళ్ళ మీద జాలిపడి కల్పించి చెప్పిందా, ఆ కట్ట ఆమెకు దక్కదు.