ఈరమ్మ గొంతు, రాజుగారి శ్రుతి

ఒకానొక రాజ్యంలో, రాజ్యమని గౌరవానికి అనుకోవడమే గాని, ఉత్తరపు బురుజు మీద ఎవరైనా తుమ్మితే దక్షిణపు సరిహద్దులో పొరుగురాజు కావలివాడు ‘చిరంజీవ’ అనేంతటి రాజ్యంలో, తిప్పయ్య అనే విదూషకుడు ఉండేవాడు. తనకు గురువు లేడని చెప్పుకోవడం అతనికి మహా ఇష్టం. అదొక లోపమని అతను ఎన్నడూ అనుకోలేదు. గొప్ప సుగుణమనే నమ్మాడు.

“గురువు దగ్గర చదివినవాడు ఏదో ఒకనాడు గురుద్రోహం చెయ్యక మానడు. నాకా పాపం అంటుకునే దారే లేదు,” అనేవాడు. అంతటితో ఊరుకోక, “నా తప్పులన్నీ నా సొంతం. ఒక్కటీ అరువు తెచ్చుకున్నది కాదు,” అని కలిపేవాడు. ఆ రెండోమాట నిజమే.

రాజుగారి పేరు చండకీర్తి. ఆయన పన్నెండేళ్ళ వయసులో ఒక పండగనాడు సభలో శ్లోకం పాడాడు. ఆస్థాన విద్వాంసుడు అప్పలాచార్యులు అప్పటికప్పుడు తంబురాను ఆ గొంతుకు సరిపడా బిగించి, “ఇది రాజశ్రుతి. ఇకమీదట ఈ సభలో ఎవరు పాడినా దీనికే పాడాలి,” అని శాసనం చేయించాడు. పిల్లవాడి గొంతు గదా, శ్రుతి ఆకాశంలో ఉంది. తరవాత రాజుగారికి మీసాలొచ్చాయి, గొంతు మారింది, పొట్ట కూడా వచ్చింది. శ్రుతి మాత్రం పన్నెండేళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు దాన్ని రాజుగారే అందుకోలేరు. ఆ సంగతి ఆయనకు తప్ప అందరికీ తెలుసు. ఆచార్యులవారిది మాత్రం పుట్టుకతోనే సన్నటి గొంతు. ఆయన శిష్యులవీ సన్నవే. లావు గొంతులవాళ్ళు శిష్యులుగా మిగల్లేదు.

ఆ ఊరి సాలెవీధిలో ఈరమ్మ అనే ఆవిడ ఉండేది. తెల్లవారుజామున సాలెవాళ్ళు వీధి పొడుగునా పడుగు, అంటే నేతలో నిలువు దారాలు, సాగదీసి గంజి పెడతారు. ఎండ ఎక్కకముందే ఇరవైమంది చేతులు ఒకే ఊపున కదలాలి. లేకపోతే దారాలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఆ ఊపు ఈరమ్మ పాటలోంచి వచ్చేది. అందుకు ప్రతి మగ్గం వాళ్ళూ ఆమెకు గింజలు పెట్టేవారు. అదే ఆమె బతుకు.

ఆ గొంతు విచిత్రమైనది. లోతుగా, గరుగ్గా, అడుగున ఎక్కడో చిన్న చిరుగు ఉన్నట్టుండేది. దాని మీద ఊరు రెండుగా చీలింది.

“అది గొంతా? ఎండిన తోలు మీద గోరుతో గీసినట్టుంది,” అనేవారు కోటవైపు వాళ్ళు.

“మీకేం తెలుసురా. అది వింటే చచ్చిపోయిన మా అమ్మ పక్కగదిలో మసిలినట్టుంటుంది,” అనేవారు సాలెవీధి వాళ్ళు.

“మీ అమ్మకు జలుబు చేసుంటుంది.”

ఇలా తమలపాకుల అంగడి దగ్గర మొదలైన వాదం తలపాగాలు ఊడేదాకా పోయింది. ఒకింట్లో అన్నదమ్ములు ఈ గొంతు మీదే పొయ్యిలు వేరుపెట్టుకున్నారు. సంగతి రాజుగారి చెవిన పడింది.

“ఒక ఆడమనిషి గొంతు మీద రెండు అభిప్రాయాలు పుడితే ఇవాళ ఊరుకుంటాం. రేపు మా గొంతు మీద పుడితే?” అన్నాడు చండకీర్తి. “పిలిపించండి. విని, ఏదో ఒకటి తేలుస్తాం.”

ఈరమ్మ సభలోకి వచ్చింది. రాజశ్రుతి మీటారు. ఆమె ఆచార్యులవారి దగ్గరికి వెళ్ళి మెల్లగా ఏదో అడిగింది. ఆయన చెవులు మూసుకుని తల అడ్డంగా ఊపాడు. ఆమె పాడింది. పాడిందనడం కంటే, అందని కొమ్మ కోసం ఎగిరిందనడం నయం. గొంతు మూడుచోట్ల విరిగింది. వాకిట్లో నిలబడ్డ సాలెవాళ్ళు తలలు దించుకున్నారు.

సభ నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దం చూసేసరికి తిప్పయ్యకు నాలుక దురద పుట్టింది.

“ప్రభూ, ఈ గొంతుకు గంజి ఎక్కువైనట్టుంది,” అన్నాడు.

రాజు నవ్వాడు. సభంతా నవ్వింది. నవ్వు ఆగాక రాజుగారు తీర్పు చెప్పాడు. విజయదశమినాడు ఇంకోసారి వింటారు. అప్పుడూ ఇలాగే ఉంటే, ఈ రాజ్యం ఎల్లల్లో ఈరమ్మ పాటకు నోరు తెరవకూడదు.

మర్నాటికల్లా గంజిమాట కోటంతా పాకింది. వంటశాలలో అన్నారు, గుర్రపుశాలలో అన్నారు. తిప్పయ్యకు కడుపు నిండింది. తన మాట సాలెవీధిలో ఎలా పేలిందో విందామని, తెల్లారకముందే లేచి అటు పోయాడు.

అక్కడెవరూ నవ్వడంలేదు. పడుగు సాగదీసి ఉంది. ఈరమ్మ అరుగు మీద నోరు మూసుకుని కూర్చుంది. చేతులు తలోదారిన కదులుతున్నాయి. దారాలు ఉండలు కడుతున్నాయి.

“గంజిమాట అన్నది మీరే గదయ్యా?” అంది ఈరమ్మ.

“నేనే,” అన్నాడు తిప్పయ్య. మాట కాస్త గర్వంగానే వచ్చింది. వెనక్కి తీసుకుందామంటే అప్పటికే బయటపడింది.

“బాగానే ఉంది. మా గంజి సంగతి కోటలో ఎవరికీ తెలీదనుకున్నా.”

తిప్పయ్య చమత్కారం వదిలి మామూలుగా అడిగాడు. ఇరవైయేళ్ళ కొలువులో అది మొదటిసారి.

“ఇక్కడ అంత బాగా పాడతావని అంటారు. మరి సభలో ఎందుకమ్మా అట్లా అయింది?”

“మీ తంబురా నాది కాదయ్యా. మెడ పట్టుకుని పైకి గుంజినట్టుంది. కాస్త దించండి సామీ అని అడిగా. రాజశ్రుతిని దించమనడం రాజద్రోహం అన్నాడా పెద్దాయన.”

“ఆ మాట రాజుగారితోనే చెప్పకపోయావా?”

“మీరు చెప్పండి. మీకు రెండు తలలున్నాయేమో.”

“విజయదశమికి నోరు మూయిస్తే ఏం చేస్తావు?”

“ఈ వయసులో నాకు మగ్గం ఎవరు నేర్పుతారు? పొరుగు రాజ్యానికి పోవాలి.” ఆమె పడుగు వైపు చూసింది. “పాట అక్కడా పాడుకోవచ్చు. ఎవరి చేతులకోసం పాడాలి?”

తిప్పయ్య తిరిగి వచ్చాడు గాని కోటలోకి పోలేదు. కోటగుమ్మం పక్కన చెప్పులు కుట్టే నర్సన్న అరుగు మీద కూలబడ్డాడు. నర్సన్న గోడకు తాటాకు కొలతలు వరసగా వేలాడుతున్నాయి. రాజుగారి పాదం ఏటేటా ఎంత పెరిగిందో ఆ ఆకులే చెబుతాయి.

“ఈ చిన్నదేమిటి నర్సన్నా?”

“దొరవారి పన్నెండో ఏటిదయ్యా. శ్లోకం పాడిన పండక్కి కుట్టాను.”

తిప్పయ్య ఆ ఆకును గోడమీంచి తీసి చేతిలో పెట్టుకున్నాడు.

ఆ వారమే సభలో లేచి నిలబడ్డాడు. “ప్రభూ, ఆచార్యులవారు తమరి గొంతుకు ఒక శ్రుతి కట్టి శాశ్వతం చేశారు. తమరి పాదం ఏం పాపం చేసింది? విజయదశమినాడు కోట ముంగిటి నుంచి జమ్మి దగ్గరికి సభంతా రాజపాదుకలు తొడిగి నడవాలని నా మనవి. అందరికీ ఒకే కొలత. తమరి కొలత.”

రాజుగారి ముఖం వెలిగింది. ఆచార్యులవారు ‘ఇదేం వింత’ అనబోయి, తన శాసనం గుర్తొచ్చి, “సాధు, సాధు” అన్నాడు.

పండగ వచ్చింది. కోట ముంగిట పందిరి వేశారు. ఒక పక్క తంబురా, దాని పక్కన ఈరమ్మ. ఇంకో పక్క నలభై జతల కొత్తచెప్పులు. రాజుగారు సింహాసనం దిగి, మొదటి జతలో కాలు పెట్టాడు. వేళ్ళు పట్టాయి. మడమ నాలుగంగుళాలు బయట నేలమీద ఉంది.

“ఇది మా కొలత కాదు.”

“తమరిదే ప్రభూ. రాజశ్రుతి కట్టిన పండగనాడు తీసిన కొలత.”

“కాలు పెరగదట్రా, మూర్ఖుడా?”

“పెరుగుతుంది ప్రభూ,” అన్నాడు తిప్పయ్య. తరవాతిమాట నాలుక చివర ఉంది. గొంతూ పెరుగుతుంది ప్రభూ. ఆ ఒక్కమాట అనడానికే ఇదంతా చేశాడు.

అనలేదు. రాజుగారి ఎడమ కనుబొమ లేస్తోంది. అది లేస్తే నవ్వయినా రావాలి, చెరసాలయినా రావాలి. ఏది వచ్చేదీ, నవ్వడానికి ఇంకెవరైనా దొరికారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. తిప్పయ్య చుట్టూ చూశాడు. దగ్గర్లో ఆచార్యులవారు ఉన్నాడు. ఆయనకు అరవైయైదేళ్ళు, వెడల్పాటి పాదాలు.

“పాదుకది తప్పు అనే అధికారం మనకెక్కడిది ప్రభూ? ఆచార్యులవారిని నడవమనండి. శ్రుతికి అందని గొంతుది దోషమన్నవారు, చెప్పులో పట్టని కాలికీ దారి చెబుతారు.”

“నడవండి ఆచార్యా,” అన్నాడు రాజు.

ఆచార్యులవారు పంచె పైకెత్తి, వేళ్ళు ముడిచి, చెప్పుల్లో దూర్చాడు. ఒక అడుగు కొంగలా వేశాడు. రెండోది పక్కకు పడింది. మూడో అడుగుకు పందిరిగుంజ పట్టుకున్నాడు.

“నడక ఎట్లా ఉంది స్వామీ?” అన్నాడు తిప్పయ్య.

“చెప్పు... కాస్త...”

“చెప్పు రాజుగారిది. దాంట్లో లోపం ఉండదు. లోపం తమ నడకలోనే ఉండాలి. ఈ రాజ్యంలో తమరు నడవవచ్చో లేదో ఇక ప్రభువులే తేల్చాలి.”

రాజు ఆచార్యుల వైపు చూశాడు, తంబురా వైపు చూశాడు, చెప్పు బయటే ఉన్న తన మడమ వైపు చూసుకున్నాడు. సంగతి అందింది. అందినట్టు ఒప్పుకోకుండా తప్పించుకునే దారి ఎదురుగా గుంజ పట్టుకుని నిలబడి ఉంది. చండకీర్తి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వడం చూసి సభంతా నవ్వింది. ముసలాయన మడమ మీద తోలు లేచి రక్తం కనబడుతోంది. అది తిప్పయ్యకు కనబడింది. అతనూ నవ్వాడు.

“దించండయ్యా ఆ తంబురాను,” అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. “ఆవిడకు ఎంత కావాలో అంత దించండి.”

తంబురా బిరడలు తిప్పారు. తీగెలు కిందికి దిగాయి. ఈరమ్మ కళ్ళు మూసుకుని పడుగు పాట అందుకుంది. కాసేపటికి రాజుగారు తల ఊపాడు. నలభై తలలు ఊగాయి. తోలు మీద గోరన్నవాళ్ళే “ఆహా, ఏం గాంభీర్యం” అన్నారు. వాకిట్లో ఉన్న సాలెవాళ్ళలో ఒకడు మాత్రం పక్కవాడితో గొణిగాడు: “వీళ్ళకు కూడా నచ్చిందంటే, గొంతులో ఏదో తగ్గిందిరా.” ఆ లెక్కన ఊరు మళ్ళీ రెండుగానే ఉంది.

రాజుగారు తిప్పయ్యకు పట్టుశాలువా కప్పి, కుడిచేతికి బంగారు కడియం తొడిగాడు. ఈరమ్మ తన శ్రుతిలో తాను పాడుకోవచ్చని చాటింపు వేయించాడు. అంటే ఆమె గొంతునే ఆమెకు బహుమానంగా ఇచ్చాడు. ఆచార్యులవారి మడమకు వెన్న రాశారు.

కోటగుమ్మం దగ్గర ఈరమ్మ ఆగింది.

“శాలువా బాగుందయ్యా.”

“నీ పాట అంతకన్నా బాగుందమ్మా.”

“రెండో చరణం మరిచిపోయి మొదటిదే మళ్ళీ పాడాను. మీరు పట్టేశారా?”

“పట్టకేం,” అన్నాడు తిప్పయ్య. “అయినా పరవాలేదులే. ఇంకెవరికీ తెలియలేదు.”

“మరిచిపోలేదయ్యా,” అంది ఈరమ్మ. “మూడు చరణాలూ వరసగానే పాడాను.”

ఆమె నవ్వలేదు, కోపగించుకోలేదు. కొంగు బిగించుకుని సాలెవీధి వైపు నడిచింది.

ఆ పాట సాగినంతసేపూ తిప్పయ్య రాజుగారి ముఖమే చూశాడు. కనుబొమ ఎక్కడ లేచిందో, పెదవి ఎక్కడ కదిలిందో ఇప్పుడడిగినా చెబుతాడు. పాటలో ఒక్కమాట చెప్పమంటే చెప్పలేడు. తరవాత చాలాసార్లు తెల్లవారకముందే లేచి సాలెవీధికి వెళ్ళాడు. అక్కడ రాజుగారు ఉండరు గదా, వినొచ్చనుకున్నాడు. వెళ్ళి, గంజి పెట్టేవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ నిలబడేవాడు.

పాట వినడం అతనికి ఇంకా రాలేదు.