ఏడో ఎత్తు కింద గీత

చీరాలలో చదరంగం నేర్పే ఇజ్రాయేలు మాస్టారిని ఏదైనా అడిగితే, ముందు జేబులోంచి వేరుశనక్కాయ తీసి వొలుస్తారు. గింజలు నోట్లో పడేలోగా అడిగినవాళ్లకే జవాబు తట్టాలని ఆయన పంతం. బాపట్ల పోటీల్లో ఆఖరి ఆటకు ముందు శిష్యురాలు వకుళ ఆయన్ను పట్టుకుంది.

“మాస్టారూ, ఓపెనింగ్ ఎన్ని ఎత్తులదాకా నేర్చుకుంటే చాలు?”

“ఆడిరా, చెప్తాను,” అని ఆయన కాయ వొలిచారు.

వకుళకు ఒళ్లు మండింది. గెలిస్తే రాష్ట్ర జట్టులో చోటు. ఈసారీ తప్పితే ఇక బోర్డును అటకెక్కిస్తానని ఇంట్లో మాటిచ్చి వచ్చింది. పది రోజులుగా మాస్టారు చెప్పిన ఆరంభపు ఎత్తులు ఇరవై రెండూ ఫోనులో ఆడి ఆడి, నిద్రలో లేపినా ఒప్పజెప్పేలా ఉంది. ఇంకెన్ని కావాలో చెబితే ఈయన సొమ్మేం పోయింది!

కల్యాణమండపంలో ఆట మొదలైంది. ఏడు ఎత్తులు మంచినీళ్లు తాగినంత సులువుగా సాగాయి. ఎనిమిదోది క్యాస్లింగ్, రాజును మూలకు చేర్చి, ఏనుగును పక్కన కాపలా పెట్టే ఎత్తు. అందులో ముందు రాజునే ముట్టుకోవాలి. ఫోనుకు ఆ పట్టింపు లేదు. అలవాటుపడ్డ వేలు తిన్నగా ఏనుగు మీద వాలింది.

ఎదుట కూర్చున్న ఫర్జానా చెయ్యెత్తింది. తీర్పు చెప్పే ఆర్బిటర్ వచ్చి, “ముట్టుకున్నది ఏనుగునమ్మా, దాన్నే కదపాలి,” అన్నాడు. చేసేది లేక వకుళ ఏనుగును ఒక గడి పక్కకు జరిపింది. ఇక ఆ మూల రాజుకు చోటు లేదు. పది రోజుల చదువూ బూడిదలో పోసిన పన్నీరైంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే మాస్టారి వైపు చూసింది. ఆయన కాయలు వొలుచుకుంటూ కిటికీలోంచి రోడ్డు చూస్తున్నారు.

కసికొద్దీ పావుగంటసేపు బోర్డునే చూసింది. ఈ పాడు ఏనుగు ఇక్కడ నిలబడి దేన్ని చూస్తోంది? సరిగ్గా అదే వరసలో, అవతలి కొసన, ఫర్జానా రాజు కాపలా పెట్టుకుని హాయిగా కూర్చున్నాడు. నడుమ అడ్డం ఉన్నవి రెండు బంట్లే. వకుళ తన బంటును రెండు గళ్లు ముందుకు తోసింది. ఫర్జానా తలెత్తి చూసింది. ఆ ఎత్తు ఆమె చదువులోనూ లేదు. ముప్పై నాలుగో ఎత్తుకు వకుళ ఆ ఏనుగుతోనే ఆట కట్టించింది.

ఎత్తులు రాసుకున్న కాగితంతో పరుగున వచ్చింది. “గెలిచాను మాస్టారూ! ఇప్పుడైనా చెప్పండి, ఎన్ని నేర్చుకోవాలి?”

ఆయన కాగితాన్ని ఆసాంతం చదివి, ఏడో ఎత్తు కింద అడ్డంగా ఒక గీత గీశారు. జేబులోంచి కాయ తీసి, ఈసారి ఆమె చేతిలో పెట్టారు.

“ఇంతవరకు నేను నేర్పింది. దీని కిందది నువ్వు నాకు నేర్పమ్మా.”