నల్లరాయి మీద తుర్రి పేరు

అనగనగా ఒక అడవిలో, ఇప్పచెట్టు కింద ఒక బడి ఉండేదర్రా. పాఠాలు చెప్పేది కొంగ మాస్టారు. క్లాసు లీడరు రామచిలుక. మాస్టారు నీళ్లు తాగడానికి వాగుకు వెళ్లారంటే చాలు, చిలుక సుద్దముక్క పట్టుకుని నల్లరాయి ముందు నిలబడేది. అల్లరి చేసినవాళ్ల పేర్లు రాసేది. మీ బళ్లోనూ ఉంది కదూ ఈ ఆచారం!

ఆ రాయి మీద రోజూ కనిపించే పేరు ఒక్కటే. తుర్రి. తుర్రి ఒక ఉడుతపిల్ల. పాపం, దానికి కుదురు తక్కువ. కూర్చున్నా కాళ్లు ఆడుతూనే ఉంటాయి, తోక ఎగురుతూనే ఉంటుంది. కానీ బడంటే దానికి ప్రాణం.

ఒకరోజు మాస్టారికి విసుగొచ్చింది. "తుర్రీ! రేపటినుంచి వరసగా మూడు రోజులు నీ పేరు రాయి మీద కనిపించిందా, ఇక బడికి రానక్కర్లేదు!" అన్నారు. 

మర్నాడు తుర్రి, తోక ఎగరకుండా దాని మీదే కూర్చుంది. తిమ్మిరెక్కినా ఓర్చుకుంది. మాస్టారు వాగుకు వెళ్లగానే తోక జారి, టప్పున కుందేలు ముక్కుకు తగిలింది. కుందేలు తుమ్మింది. అందరూ నవ్వారు. చిలుక పేరు రాసేసింది.

రెండో రోజు మాట్లాడకూడదని నోట్లో రేగిపండు పెట్టుకుంది. పక్కన తాబేలుపిల్ల 'ఖ' రాయడం రాక ఏడుస్తోంది. తుర్రి ఉండబట్టలేక పండు ఉమ్మేసి, "ఇలా తిప్పవే" అంది. "మాట్లాడావ్!" అని చిలుక మళ్లీ రాసేసింది.

మూడో రోజు తుర్రి పొద్దున్నే వచ్చింది. అప్పటికి చిలుక ఒక్కటే వచ్చి ఉంది. చూస్తే, రాయి మీద అప్పటికే తన పేరు!

"చిలకక్కా, నేనింకా కూర్చోనే లేదు కదా!"

"ఎలాగూ రాయాల్సిందేగా తల్లీ. ముందే రాస్తే ఓ పనైపోతుంది" అంది చిలుక.

తుర్రికి ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. "ఎలా ఉన్నా నా పేరే రాస్తే, నేనెందుకు బుద్ధిగా ఉండాలి?" అని అరుస్తూ చాపలన్నీ లాగి విసిరేసింది.

అప్పుడే వచ్చిన మాస్టారు అంతా విన్నారు. ఆయనకు సిగ్గేసింది. "తోక మీద కూర్చోవడం చూశాను తుర్రీ. ఒక్క మంచి మాట కూడా అనలేదు. తప్పు నాది" అని రెక్కతో ఆ పేరు తుడిచేశారు. "చిలకమ్మా, ఇకనుంచి మంచిపని చేసినవాళ్ల పేర్లే రాయి."

చిలుక సుద్దముక్క పట్టుకుని చాలాసేపు దిక్కులు చూసింది. మంచిపని కోసం చూడటం దానికి అలవాటు లేదు మరి! మధ్యాహ్నానికి, విసిరేసిన చాపలన్నీ తనే తెచ్చి పరుస్తున్న తుర్రి కనబడింది. దాని పేరు రాసింది.

అది చూసి తుర్రి కుదురుగా కూర్చుందా? లేదర్రా, ఎగిరి గంతేసింది! సాయంత్రం దాకా అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పలకలు అందిస్తూ తిరిగింది.

బడి వదిలే ముందు మాస్టారిని అడిగి సుద్దముక్క తీసుకుంది. రాయి మీద వంకర అక్షరాలతో 'చిలకక్క' అని రాసింది.

"నేనేం మంచిపని చేశానే?" అంది చిలుక.

"ఇవాళ నన్ను సరిగ్గా చూశావుగా అక్కా!" అంది తుర్రి.

నీతి: పిల్లల తప్పు కోసం కాచుకున్నట్టే వాళ్ల మంచి కోసమూ కాచుకోవాలి, గుర్తించి మెచ్చుకుంటే ఆ మంచే పెరుగుతుంది.