గోరింక నేర్చిన మాట

చప్పుడు లేకుండా కింద పడే మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడలేదని తొందరపడి చెప్పకండి. చూసే ఉంటారు. చప్పట్లు కూడా కొట్టే ఉంటారు. కథ విన్నాక మళ్లీ అడుగుతాను, అప్పుడు చెప్పండి.

అనగా అనగా, రాజులు గుర్రాల మీదా కబుర్లు గాలి మీదా తిరిగే కాలంలో, ఇసుకవీడు అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో పేటకొక తాలింఖానా, అంటే కుస్తీ నేర్పే చోటు. తాలింఖానాకొక గోదా. గోదా నిండా ఎర్రమట్టి. ఆ మట్టిలో పసుపూ మజ్జిగా నువ్వులనూనే కలిపి, వెన్నలా తొక్కి, అందులో కుస్తీ పట్టేవారు.

ఓబుళమ్మ కుమ్మరివారి పిల్ల. కుండలకు మట్టి తొక్కీ తొక్కీ ఆమె కాళ్లు రోకళ్లలా తయారయ్యాయి. అలాంటి కాళ్లున్న పిల్ల గోదాలో దిగితే ఏమవుతుంది? అదే అయింది. వరసగా మూడేళ్లు పేటల పోటీలో ఆమె వీపుకు మట్టి అంటలేదు. గెలిచినవాళ్లకు ఇచ్చేది ఒక తువ్వాలూ ఒక నిమ్మకాయా. ఓబుళమ్మ ఇంట్లో మూడు తువ్వాళ్లున్నాయి. నిమ్మకాయలు వాళ్లమ్మ ఊరగాయ పెట్టేసింది.

ఆ గోదాల్లో ఒకటే కట్టుబాటు. పట్టులో చిక్కినవాళ్లు ఎదుటివారి భుజం మీద అరచేత్తో మూడుసార్లు తట్టి "చాలు" అనాలి. ఆ మాట చెవిన పడగానే పట్టు వదిలేయాలి.

"పట్టడం ఆర్నెల్లలో నేర్పిస్తాను. వదలడం నేర్పడానికే నాకు ఆరేళ్లు పడుతుంది," అనేవాడు వస్తాదు పుల్లన్న.

ఒక ఏడు పంటకోతలయ్యాక ఊరి బయట నల్లటి డేరా ఒకటి లేచింది. ఎప్పుడు వేశారో ఎవరూ చూడలేదు. మేకులు కొట్టిన చప్పుడు ఎవరికీ వినబడలేదు. డేరా యజమానిని అందరూ సందడి దొర అనేవారు. సన్నటి మనిషి. నవ్వితే పళ్లు కనబడేవి గానీ కళ్లు కదిలేవి కావు.

ఆయన తిన్నగా ఓబుళమ్మ ఇంటికే వచ్చాడు.

"ఏమమ్మా, నీ కుస్తీ ఎంతమంది చూస్తారు?"

"వందమంది ఉంటారు."

"అందులో సగం మీ చుట్టాలే కదా. నా డేరాలో అయిదువేలమంది పడతారు. ఇక్కడ నిన్ను కుమ్మరిపిల్ల అంటారు. అక్కడ పేరు పెట్టి పిలుస్తారు."

ఆ చివరి మాట ఓబుళమ్మ మనసులో ముల్లులా దిగింది. మూడేళ్లు గెలిచినా ఊళ్లో ఆమె కుమ్మరిపిల్లే. వెళ్లి వస్తాదును అడిగింది.

"అది ఉత్తుత్తి కుస్తీ, పిల్లా. ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు," అన్నాడు పుల్లన్న.

"అయితే ఏం మామా? నాటకంలో రాజు నిజం రాజా? జనం చూసి సంతోషపడటం లేదా?"

పుల్లన్న గడ్డం గోక్కున్నాడు. "నీతో వాదించి నేను గెలవలేను. వెళ్లు. కట్టుబాటు మాత్రం వెంట తీసుకెళ్లు."

డేరాలో మట్టి లేదు. చెక్కబల్లల అరుగు ఉంది. అరుగు కింద అంతా డొల్ల. ఆ చీకట్లో ఒక పెద్ద డోలు ఉంది. ఎవరు పడినా డోలు దబ్బుమనేది. కొట్టేవాడు మాత్రం ఎప్పుడూ కనబడలేదు. అరుగు పక్కన ఇత్తడి పంజరం, అందులో ఒక గోరింక. అది తిండి తినగా ఎవరూ చూడలేదు.

"నా దగ్గర మూడు పాఠాలు," అన్నాడు దొర. "ఎవరూ విసరకుండా పడటం. ఎవరినీ విసరకుండా గెలవడం. మూడోది తర్వాత చెబుతాను."

మొదటి పాఠం తేలిగ్గానే వచ్చింది. వేలు తగిలితే చాలు, ఓబుళమ్మ ఎగిరి పడేది. కింద డోలు దబ్బుమనేది. జనం ఓహో అనేవారు. ఒకరోజు ఆమె ఇంకా గాలిలో ఉండగానే డోలు మోగింది. ఆమె బల్ల మీద పడినప్పుడు ఏ చప్పుడూ రాలేదు.

మర్నాడు పొద్దున ఎండుటాకుల మీద నడుస్తూ ఇంటికి వెళ్లింది. పొయ్యి దగ్గరున్న తల్లి ఉలిక్కిపడింది. "ఎప్పుడొచ్చావే? అడుగుల చప్పుడే లేదు. దొంగపిల్లిలా ఏంటా నడక?"

ఓబుళమ్మ వెనక్కి తిరిగి ఆకుల మీద కాలేసి తొక్కింది. ఆకులు నలిగాయి. చప్పుడు రాలేదు.

అలిసిపోయానేమో, చెవులు గడియలు పడ్డాయేమో అనుకుంది. అలా అనుకోవడం మనందరికీ తెలిసిన పనే.

రెండో పాఠంలో ఆమె ఎదుట నిలబడింది నడిపెన్న. ఏడేళ్ల కిందట నాలుగు రాజ్యాల్లో పేరుమోసిన మల్లుడు. డేరాలో అతని పేరు కాలభూతం. మొహానికి మసి, తలకు కొమ్ములు. అసలు మనిషి మాత్రం నోట్లో నాలుక లేనంత నెమ్మది. ఓబుళమ్మ చిటికెనవేలితో తోసింది. కొండంత మనిషి మొదలు నరికిన చెట్టులా కూలాడు. ఆమె గెలుపుకు గుర్తుగా చెయ్యి ఎత్తబోయింది.

ఆమె ఎత్తకముందే అరుగు మీద ఆమె నీడ చెయ్యి ఎత్తింది.

జనంలో ఎవరూ అది చూడలేదు. "ఉరుముల రాణి," అని అరుస్తున్నారు. అది దొర పెట్టిన పేరు. వారం తిరిగేసరికి ఇసుకవీడంతా ఆ పేరే. అంగట్లో ఉరుముల రాణి గాజులు, ఉరుముల రాణి జంతికలు. చివరికి వాళ్ల నాన్నే ఉరుముల రాణి మట్టిబొమ్మలు చేసి ఆవంలో కాల్చాడు. "నీ మూతి సరిగా కుదరడం లేదే," అని నవ్వాడు.

ఓబుళమ్మ అని మాత్రం ఎవరూ పిలవలేదు.

మూడో పాఠం ఒక మధ్యాహ్నం మొదలైంది. "రేపటి నుంచి నువ్వు ఓడిపోవాలి," అన్నాడు దొర. "నడిపెన్న నిన్ను పట్టులో బిగిస్తాడు. నువ్వు చాలు, చాలు అని మొత్తుకోవాలి. వాడు వదలడు. నువ్వు మొత్తుకున్నకొద్దీ జనం నవ్వాలి."

"చాలంటే వదలాలి కదా దొరా."

"మట్టిలో వదలాలి. బల్ల మీద వదిలితే నవ్వేముంది? నొప్పి లేనిదానికి చాలు అంటే నీ సొమ్మేం పోతుంది?"

అంతలో భోజనాలవేళ అయింది. ఆ పూట వడ్డించే వంతు ఓబుళమ్మది. నడిపెన్న పళ్లెంలో రాగిసంగటి ముద్ద వేసింది. ఇంకొకటి వేసింది.

"అన్నా, ఇంకో ముద్ద?"

నడిపెన్న పెదాలు కదిలాయి. మాట రాలేదు. ఆమె వినబడలేదనుకుని ఇంకో ముద్ద వేసింది. అతని పెదాలు మళ్లీ కదిలాయి, ఈసారి గట్టిగా. గొంతులో నరాలు ఉబ్బాయి.

అవతల పంజరంలోంచి గోరింక అంది, అచ్చంగా నడిపెన్న గొంతుతో: "చాలు."

ఓబుళమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నడిపెన్న సిగ్గుపడుతున్నవాడిలా పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎన్నాళ్లైంది అన్నా, ఇలా?"

"ఏడేళ్లు, చెల్లీ. మిగతా మాటలన్నీ వస్తాయి. ఆ ఒక్కటే రాదు. ఉత్తినే అనీ అనీ దానికి నేర్పేశాను. ఇక్కడున్న అందరిదీ ఇంతే. అడిగి చూడు."

ఆమె అడగలేదు. చుట్టూ చూసింది. పంక్తిలో పదిమంది మల్లులు. పదిమందీ పళ్లేల మీద చేతులు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

తిన్నగా దొర దగ్గరికి వెళ్లింది. "ఆ మాట నేను అనను."

దొరకు కోపం రాలేదు. "అనకు. వాడే అంటాడు, నువ్వు పట్టు. రేపు మహారాజుగారు వస్తున్నారు. డోలు మోగేదాకా పట్టు వదలకుండా ఉంటే చాలు, రాజ్యంలో మేటి మల్లురాలికిచ్చే రాజమల్లి బిరుదు నీది. రాజు నోటితో నీ అసలు పేరు పిలిపిస్తాను."

ఇక్కడే ఓబుళమ్మ పొరపాటు చేసింది. నేను అనకపోతే నా మాట నా దగ్గరే ఉంటుంది కదా అనుకుంది. ఎదుటివాడి మాట సంగతి ఆలోచించలేదు. సరేనంది.

మర్నాడు మధ్యాహ్నం డేరా కిటకిటలాడింది. మహారాజు ముందు వరసలో కూర్చున్నాడు. బయట ఎండ మండుతున్నా లోపల బావిలో దిగినంత చల్లగా ఉంది. ఓబుళమ్మ నడిపెన్న మెడ చుట్టూ చెయ్యి వేసి తొండం పట్టు పట్టింది. గోరింక మొదలుపెట్టింది: "చాలు, చాలు."

జనం నవ్వారు. నిన్న నవ్వినట్టే, మొన్న నవ్వినట్టే, ఒకే చోట మొదలై ఒకే చోట ఆగే నవ్వు.

అప్పుడు ఒక బల్ల చెక్క విరిగింది. నడిపెన్న కాలు మోకాలిదాకా డొల్లలోకి దిగబడింది. కొండంత మనిషి బరువంతా ఓబుళమ్మ చెయ్యి మీద, అతని మెడ మీద పడింది. మసి పూసిన మొహంలో కళ్లు తెల్లబడ్డాయి. పెదాలు కదిలాయి.

"చాలు," అంది గోరింక, రోజూ అనే రాగంలోనే.

జనం పడీ పడీ నవ్వారు.

ఓబుళమ్మ భుజం మీద ఒక అరచెయ్యి పడింది. మెల్లగా. మళ్లీ పడింది. మూడోసారి పడలేదు, జారిపోయింది.

దొర వైపు చూసింది. ఆయన ఇంకా బిగించమని సైగ చేశాడు. డోలు మోగలేదు. అరుగు మీద తన నీడ కనబడింది. ఆమె చెయ్యి కదలకుండానే నీడ చెయ్యి బిగుస్తోంది. దాని వెంట తన చెయ్యి కూడా బిగుసుకుంటోంది. వదలాలని చూస్తే వేళ్లు మాట వినలేదు. ఒక్కొక్క వేలే, అంటుకున్న బంకలోంచి పీకినట్టు పీకింది. చిటికెనవేలు. ఉంగరపు వేలు. నడివేలు. పట్టు ఊడివచ్చింది. ఆమె వెనక్కి పడింది.

బల్ల దడేలుమంది. డోలు కాదు. అది ఆమె ఒంటి చప్పుడు.

నవ్వు ఆగిపోయింది. ఆ డేరాలో మొదటిసారి నిశ్శబ్దం వినబడింది. నడిపెన్న బోర్లాపడి దగ్గుతున్నాడు.

"డోలు మోగలేదు," అన్నాడు దొర, గొంతు పెంచకుండా. "ఆమె ఓడింది."

మహారాజు లేచాడు. "గెలిచే పట్టు ఎందుకు వదిలావు?"

"ఆయన చాలన్నాడు, మహారాజా."

"అది రోజూ అనేదేనట కదా. నవ్వుకోవడానికే కదా అందరం వచ్చింది."

"రోజూ అనేది ఆ పక్షి. ఇవాళ అన్నది మనిషి."

"మాకేమీ వినబడలేదే."

"వినబడదు మహారాజా. వినబడకుండా మేమూ మీరూ కలిసి చేశాం. మేం ఉత్తినే అన్నాం, మీరు ఉత్తినే నవ్వారు. నమ్మకం లేకపోతే ఆయన్ని అనమనండి."

రాజు సైగ చేశాడు. నడిపెన్న నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. పంజరంలోంచి మాట వచ్చింది. రాజు చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆయన మెల్లగా తన గొంతు తడుముకున్నాడు.

ఓబుళమ్మ అరుగు దిగి పంజరం తలుపు తీసింది. గోరింక ఎగరలేదు. గుమ్మంలో కూర్చుని, తాను నేర్చినవన్నీ ఒక్కొక్కటిగా బయటపెట్టింది. "చాలు," నడిపెన్న గొంతు. "చాలు," ఇంకొక మల్లుడి గొంతు. ఒక్కో గొంతు వినబడుతుంటే ఒక్కో మల్లుడు మెడ పట్టుకుని ముందుకొచ్చి, ఆ మాటను మళ్లీ తన నోటితో అన్నాడు. పది అయ్యాయి. అందరూ అయిపోయారనుకున్నారు.

పదకొండోసారి గోరింక చాలా మెల్లగా అంది. లేతగా ఉన్న, భయంతో వణికే గొంతు. ఎవరిదో ముందు పోల్చుకోలేకపోయారు. సందడి దొర నిలబడినచోటే కూలబడి, రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు.

"నన్ను వదల్లేదు," అన్నాడు. "చిన్నప్పుడు. ఎంత మొత్తుకున్నా నవ్వారే గానీ వదల్లేదు. అందరూ నవ్వేది ఇందుకే కాబోలు అనుకున్నాను."

ఖాళీ అయిన గోరింక మామూలు పక్షిలా ఒకసారి కిచమని, డేరా చిరుగులోంచి ఎండలోకి పోయింది.

మహారాజు రాజమల్లి బిరుదు ఇచ్చాడు. "ఓబుళమ్మా," అని పేరు పెట్టి పిలిచి మరీ ఇచ్చాడు. డేరా పీకించేస్తానని కూడా అన్నాడు. ఓబుళమ్మే వద్దంది.

"ఆట తప్పు కాదు మహారాజా. పడటం ఉత్తుత్తిది కానీయండి, గెలవడం ఉత్తుత్తిది కానీయండి. ఆ ఒక్క మాట నిజంగా ఉంటే మిగతా అంతా ఎంత ఉత్తుత్తిదైనా ఎవరికీ కీడు లేదు."

అలాగే జరిగింది. ఓబుళమ్మ ఆ అరుగు మీద పద్నాలుగేళ్లు ఆడింది. ఆమెను మించిన ఆటగత్తె ఇసుకవీడులో పుట్టలేదంటారు. నీడ మాత్రం పూర్తిగా ఆమె మాట వినలేదంటారు. అప్పుడప్పుడూ ఆమెకన్నా ముందే అది చెయ్యి బిగించేది. అలా బిగించినప్పుడల్లా ఆమె ఆగి, ఎదుటివారి పెదాల వైపు చూసేది.

సరే, మొదట అడిగింది మళ్లీ అడుగుతున్నాను: చప్పుడు లేకుండా కింద పడే మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఇక మీ పని. తమ్ముడికి చక్కిలిగింతలు పెట్టేటప్పుడు, బడిలో ఎవరినో ఆటపట్టించేటప్పుడు, నలుగురూ నవ్వుతున్నప్పుడు కూడా, ఎవరైనా చాలంటే చెయ్యి తీసేయండి. నవ్వుతూ అన్నా తీసేయండి, ఎందుకన్నారో తర్వాత అడగండి. చాలన్న మాట విని వెంటనే వదలగలిగినవారే బలవంతులు, ఆ బలం ఇవాళే చూపించండి.