నాలుగు హద్దుల తల్లి: హైమవతి అరువది యెకరములు నడిచిన కథ

శమీవనమున కొలువైయున్న మృత్పాద మహర్షికి నమస్కరించి, శీలవ్రతుడను ముని యిట్లు అడిగెను. “మహాత్మా, ఈ కలియుగమున జనులు నగరమునకు దూరముగానున్న బీళ్లను, చెలకలను పదులకొలది యెకరములు కొనుచున్నారు. నేడు అక్కడ జొన్నచేలు తప్ప మరేమియు లేవు. రేపు నగరము తమ వద్దకు నడిచి వచ్చునని వారి ఆశ. అట్లు కొన్నవారిలో కొందరికి భూమి నిలుచుచున్నది, కొందరికి కాగితము మాత్రమే మిగులుచున్నది. ఏ వ్రతము చేసిన భూమి నిలుచునో సెలవిండు.”

మహర్షి సంతోషించి యిట్లు చెప్పెను. “నాయనా, నావద్దకు వచ్చిన వారందరును ఏ దిక్కున ధర పెరుగునని అడిగినవారే గాని, భూమి ఎట్లు నిలుచునని అడిగినవాడవు నీవొక్కడవే. నాలుగు హద్దుల తల్లి వ్రతమని ఒకటి కలదు. దానిని హైమవతి యను ఇల్లాలు ఆచరించి, తల ఎత్తుకొని బ్రతికెను. ఆమె కథ చెప్పెదను, వినుము.”

రత్నగిరి యను మహానగరమున పురుషోత్తమ గుప్త యను బట్టల వర్తకుడు కలడు. ఆతని భార్య హైమవతి. ఆమె మాటలో పొందిక గలది, నడకలో ఠీవి గలది, తనకున్నది నలుగురికి తెలియవలెనను కోరిక కొంచెము ఎక్కువగా గలది. అది తప్పని నేననను. నగరము ఏటేట పెరుగుట చూచి, ఆ దంపతులు ఆలోచించి, మూడు తరములనాటి అంగడి అమ్మి, నగరమునకు పది క్రోసుల దూరమున ఈదులకుంట గ్రామమున అరువది యెకరములు కొనిరి. ఇక ఆ భూమియే వారి అంగడి, వారి పేరు, వారి పిల్లల రేపటి కూడు. అది పోయినచో వారికి మరొకటి లేదు.

ఆ గ్రామమున ఒక ఆచారము కలదు. భూమి కొన్నవారు, అమ్మినవారిని వెంటబెట్టుకొని, చెప్పులు విడిచి నాలుగు హద్దులు నడువవలెను. ప్రతి మూలరాతికి పసుపు పూసి, నీరు పోసి, అవతలి చేనువారిని పిలిచి “ఇదేనా మీ హద్దు” అని అడుగవలెను. వారు ఔనన్న పిమ్మట వారి చేతిలో నానిన శనగలు, బెల్లము పెట్టవలెను. అప్పుడే తల్లి ఆ భూమిని కొన్నవారికి అప్పగించును.

భూమి అమ్మిన నర్సవ్వ యను ముసలి రైతు పసుపు కలిపి గట్టు మీద నిలిచియుండెను. గుప్త కారు రోడ్డు పక్కన ఆపి, అద్దములోనుండి చేను చూచెను. బేరము కుదిర్చిన మధ్యవర్తి ఆకాశమునుండి తీసిన చిత్రమును ఫోనులో చూపెను. “కాగితంల అన్నీ రాసే ఉన్నయి గద అవ్వా. తూర్పెవరో, పడమరెవరో అంత ఉంది” అని గుప్త చెప్పెను. హైమవతి దిగబోయెను గాని, కొత్త పట్టుచీరకు దుమ్మంటునని భర్త వారించెను. ఆమెయు కారులోనే కూర్చుండెను. కారు మరలిపోగా, నర్సవ్వ పసుపు గిన్నెతో ఇంటికి పోయెను.

అది మొదలు హైమవతి గొప్పలకు అంతు లేదయ్యెను. పెండ్లికి పోయినను, పేరంటమునకు పోయినను, తమకు అరువది యెకరములు కలవని చెప్పనిదే తాంబూలము తీసికొనెడిది కాదు. ఒకనాడు ఒక ముత్తైదువ, మన్ను ఎర్రదా నల్లదా, బావి ఎక్కడ నున్నదని ఊరకనే అడిగెను. హైమవతి ఆ రెంటిని ఎరుగదు. రోడ్డు పక్కనే యున్నదని చెప్పి తప్పుకొనెను గాని, ఆనాడు ఆమెకు నిజముగా సిగ్గు వేసెను.

వ్రతము మానిన దోషమువలన వారికి మొదటి కష్టము కలిగెను. గుప్త భూమి పటమైన నక్ష ఇచ్చి, చుట్టు గోడ కట్టుటకు గుత్తేదారును పంపెను. నక్షలో గీత తిన్నగా నుండెను, నేల మీద వాగు వంకరగా నుండెను. గుత్తేదారు గీతనే నమ్మి, పడమట వాగుకు అడ్డముగా గోడ కట్టించెను. ఉత్తరమున గొర్రెల మందలు పోవు బాటలో కంచె కొరకు రాతి కడీలు పాతించెను. ఆషాఢమున వాన పట్టి, వాగు ఎదురుతన్ని, అవతలి రైతు ఎల్లయ్య మిరపచేను మునిగెను. గోడయు సగము కూలెను. అంతలో ఒక పెద్ద సంస్థవారు అక్కడ కాలనీ కట్టుటకై కొనవచ్చి, చుట్టు హద్దులవారి సంతకములు కోరిరి. పిలిచినను ఒక్కరును రాలేదు. ఆ సంస్థవారు వచ్చిన దారినే పోయిరి.

గుప్త భయపడి ఊరి పెద్దలను అడుగగా, హద్దులు నడువుమని వారు చెప్పిరి. ఆతడు తాను పోక గుమాస్తాను పంపి, ఫోనులో ఆ దృశ్యము చూచుచు, ఇంట సోఫాలో కూర్చుండి పూలు చల్లెను. శీలవ్రతా, నవ్వకుము, ఇట్టి భక్తులు ఇప్పుడు చాలమంది కలరు. గుమాస్తా రెండు మూలలు నడిచి, మూడవ మూలకు ముండ్లకంప అడ్డురాగా, సిగ్నలు లేదని చెప్పి వెనుకకు మరలెను. తల్లి మిక్కిలి కినిసెను.

అందువలన రెండవ కష్టము మొదటిదానికంటె పెద్దదై వచ్చెను. ఆ మధ్యవర్తియే దొంగ కాగితము పుట్టించి, అదే భూమిని ధనంజయుడను మరియొక నగరవాసికి అంటగట్టెను. ధనంజయుడు కూడ కారు దిగకయే కొన్నవాడే. ఇరువురును భూమి తమదే యనిరి. విచారణకు వచ్చిన అధికారి చుట్టు చేలవారిని పిలిచి, వీరిలో యజమాని ఎవరని అడిగెను. “ఇద్దర్ని ఎన్నడు చూడలే సారూ. కార్లను చూసినం” అని వారు చెప్పిరి. పదునైదు దినములకు మరల వత్తుననియు, అప్పుడు హద్దులవారు ఎవరిని ఎరుగుదురో వారి మాట వ్రాసికొందుననియు చెప్పి అధికారి వెడలిపోయెను.

ఆ మాట విని గుప్త మంచమెక్కెను. హైమవతి వంటయింట కూర్చుండి ఏడ్చెను. అంగడి పోయినందుకు ఆమె ఏడువలేదు. అరువది యెకరములని ఊరంతా చెప్పుకొని, అందులో ఒక్క అడుగైనను వేయనందుకు ఏడ్చెను. పిమ్మట కన్నులు తుడుచుకొని శనగలు నానబోసెను. మరునాడు ఉపవాసముండి, నూలుచీర కట్టి, తొలి బస్సెక్కి ఒంటరిగా ఈదులకుంటకు పోయెను. నర్సవ్వ వాకిట చెప్పులు విడిచి నిలువగా, ఆ ముసలిది తేరిపార చూచి, “కాలు పెట్టకుంటనే కొంటివి బిడ్డా. దా, ఇప్పుడన్న చూపిస్త” అని పసుపు కలిపెను.

ఇరువురును తూర్పున మొదలుపెట్టిరి. అక్కడ మన్ను ఎర్రది, దక్షిణమునకు పోను పోను నల్లబడెను. హైమవతి వంగి ఆ మన్ను చేతిలోనికి తీసికొని చూచెను. తూర్పువారు, దక్షిణమువారు ఔననిరి, శనగలు తీసికొనిరి. పల్లేరుకాయలు గుచ్చుకొనుచుండగా ఆమె పడమటికి నడిచెను. అక్కడ మునిగిన మిరపచేను గట్టున ఎల్లయ్య కూర్చుండియుండెను. ఆమె రాతికి పసుపు పూసి, “ఇదేనా అన్నా మీ హద్దు” అని అడిగెను.

“ఇయ్యాల అడుగుతున్నవ్. నా చేను మునిగిననాడు యాడున్నవమ్మా” అని ఎల్లయ్య అడిగెను.

హైమవతి అభిమానము గలది. ఇట్టి మాట ఆమె ఎవరివద్దను పడియుండలేదు. మరలిపోవుటకు దారియు నున్నది. అయినను ఆమె కదలక నిలిచి, “కార్ల ఉన్ననన్నా. దిగలేదు. తప్పు మాదే” అనెను.

ఎల్లయ్య ఆమె పాదముల వంక చూచెను. మడమల నెత్తురు కారుచుండెను. ఆతడు ఇంటికి పోయి గడ్డపార తెచ్చెను. మిగిలిన గోడను ఇరువురును పడగొట్టిరి, హైమవతి రాళ్లు మోసెను. వాగు దారి తెరచుకొనెను. అప్పుడు ఆతడు చేతులు కడుగుకొని, “ఔ, ఇదే నా హద్దు” అని శనగలు తీసికొనెను. ఉత్తరమున గొర్రెలకాపరుల ఎదుట ఆమెయే కడీలు పెరికించి బాట విడిచెను. నాలుగవ మూలకు చేరునప్పటికి పొద్దు పడమటికి వాలెను. ఆమె అచ్చటనే కూలబడి, నర్సవ్వ పోసిన నీరు త్రాగి, తన భూమిని కన్నులార చూచెను. తల్లి ప్రసన్నురాలయ్యెను.

గడువు నాటికి అధికారి వచ్చెను. ధనంజయుడు వచ్చెను. గుప్త కాగితముల మూట తెచ్చి విప్పబోయి, భార్య పాదములకు కట్టిన గుడ్డలు చూచి, మూట మరల కట్టివేసెను. “హైమా, నువ్వు ముందట నడువు” అనెను. ఆమె ముందు నడిచెను, మగవారందరును వెనుక నడిచిరి. ఎర్రమన్ను ఎచ్చట ముగియునో, వాగు ఎచ్చట తిరుగునో ఆమె చెప్పుచు పోయెను. ప్రతి హద్దునందును చేనువారు లేచి వచ్చి, ఈమె మా పక్క చేనామె యని చెప్పిరి. ఎల్లయ్య మొదట వ్రేలిముద్ర వేసెను. అధికారి భూమి వారిదేనని వ్రాసెను. ధనంజయుడు తానును మోసపోతినని గ్రహించి, మధ్యవర్తిని వెదకుకొనుచు పోయెను.

ఆ దంపతులు ఏటేట తొలకరికి హద్దులు నడిచి, ఆ నేలను బీడు పెట్టక జొన్నలు, కందులు వేయించిరి. తొమ్మిదవ యేట నగరము వచ్చెను, పెద్ద రోడ్డు వచ్చెను, కొనువారు వెదకుకొనుచు వచ్చిరి. వాగును, మందల బాటను కదల్పరాదనియు, పక్క చేలకును తమ ధరయే ఈయవలెననియు హైమవతి షరతు పెట్టెను. కొనువారు ఒప్పుకొనిరి. చుట్టు వారందరును తమంతట తామే వచ్చి సంతకములు చేసిరి. పోయిన అంగడికి మారుగా గుప్తకు మూడు అంగళ్లు వెలసెను. హైమవతి గర్వము తగ్గినదా యని అడిగెదవేమో. తగ్గలేదు నాయనా, నాలుగింతలైనది. అయినను ఈమారు ఆమె గొప్ప చెప్పుకొనుచుండగా ఈదులకుంట ఊరు ఊరంతయు ఔను ఔనని తలయూపెను.

కావున భూమి కొనువారు, కొనగోరువారు, కొని చూడనివారు, హద్దు తగాదాలో చిక్కినవారు, దూరపు పొలమును నమ్ముకొని పిల్లల చదువులు తలపెట్టినవారు ఈ వ్రతము చేయవలెను. ఆలుమగలు కలిసి నడిచిన ఫలము మెండు. చేసినవారికి పత్రము నిలుచును, రాయి కదలదు, నీరు దారి తప్పదు, నగరము వచ్చినను రాకున్నను గింజ పండును. ఒక్క గుంట నేల గలవారికిని అరువది యెకరములవారికిని ఫలము సమానమే యని తల్లి మాట యిచ్చెను.

ఈ కథ విని అక్షతలు శిరసున దాల్చినవారు వెంటనే భుజింపరాదు. ముందుగా లేచి, ప్రసాదము చేతబట్టి, ఇరుగుపొరుగు గుమ్మములకు పోయి, పేరు పెట్టి పిలిచి ఈయవలెను. పేరు తెలియనిచో అడిగి తెలిసికొనవలెను.