ఉప్పు వెయ్యని చారు

అడవికీ ఊరికీ మధ్య ఉన్న దొడ్డిలో నూకాలమ్మ అనే కోడి కాపురం. కోడి అన్నాక కాలు ఊరుకోదు, కనబడ్డ మట్టినల్లా కెలుకుతుంది. ఈవిడ మాత్రం తన కొత్తిమీర మడిని ఒక్క గోరుతో కూడా గీకదు. అంత ముద్దు ఆ ఆకంటే. అది వేసి చారు కాస్తే కడుపు నిండినవాళ్లకి కూడా మళ్లీ ఆకలేసేది.

ఆ చుట్టుపక్కల ఒక కట్టుబాటుంది. ఆకలై వేటాడితే అది అడవి ధర్మం, ఎవరూ అడ్డురారు. కానీ ఒకరి ఇంట ఉప్పు తిని ఆ ఇంటికే ద్రోహం చేస్తే, దొడ్డి పెద్ద అయిన మైలోడు, అంటే మచ్చల ఎద్దు, వాణ్ణి కొమ్ములతో కుమ్మి పొలిమేర దాటిస్తాడు.

ఒక ముసురు రోజున నక్క తుమ్ముకుంటూ వచ్చి నూకాలమ్మ గుమ్మంలో కూలబడింది. జలుబట, నోరు చప్పబడిందట, ఈవిడ చేతి చారు తాగితే గానీ ప్రాణం నిలవదట. మాటలు నూకాలమ్మతో, చూపులు గంప కింద ఉన్న పిల్లల మీద. నూకాలమ్మ చుట్టూ చూసింది. గుమ్మానికి అడ్డంగా నక్క, బయట వాన, మైలోడేమో దొడ్డి అవతలి చివర. వీడు నా ఉప్పు తింటే నా పిల్లలు బతుకుతారు అనుకుని పొయ్యి రాజేసింది.

"ఒక్క మాట వదినా," అంది నక్క. "పథ్యంలో ఉన్నాను. చారులో ఉప్పు రవ్వంత కూడా పడకూడదు."

నూకాలమ్మకి నక్క ఎత్తు అర్థమైంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని చూశాం గానీ, వీడెవడు, తినకముందే లెక్కపెడుతున్నాడు? కాసేపు పొయ్యి ఊదుతూ ఆలోచించింది.

"అలాగే బావా. నీకు అనుమానం లేకుండా ఉప్పు డబ్బా నీ దగ్గరే పెట్టుకో."

నక్క డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నూకాలమ్మ అటక మీది జాడీలోంచి చింతపండు తీసి నానేసి, పిసికి, మిరియాలూ జీలకర్రా దంచి వేసి మరగనిచ్చింది. పోపు పెట్టింది. చివర్లో గుప్పెడు కొత్తిమీర తుంచి వేసి మూత పెట్టింది.

నక్క గిన్నెడు చారు జుర్రేసి, ఉప్పు లేకుండా ఇంత రుచి ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయింది. అంతా కొత్తిమీర మహిమ అని నూకాలమ్మ ఇంకో గిన్నె పోసింది. అదీ తాగింది.

వాన వెలిసింది. చారు వాసన పట్టుకుని మైలోడు గుమ్మం దాకా వచ్చాడు. నక్క బెదరలేదు సరికదా, మూతి తుడుచుకుని ఆయన ఎదుటే గంప మీద కాలు వేసింది.

"అడ్డురాకు తాతా. నేనీ ఇంట ఉప్పు తినలేదు. డబ్బా ఇదిగో, మూత కూడా తియ్యలేదు."

"డబ్బాలో ఉప్పు తినలేదు తాతా, చింతపండులో ఉప్పు తిన్నాడు," అంది నూకాలమ్మ. "కొత్త చింతపండు రాగానే గింజ తీసి, కల్లుప్పు కలిపి జాడీకెత్తుతాం. లేకపోతే ఏడాది పొడుగునా నిలవుంటుందా? ఏ ఇంట్లోనైనా అడగండి."

మైలోడు గిన్నె అడుగు నాకి చూశాడు. "ఉప్పే," అని కొమ్ములు వంచాడు.

నక్క జలుబు ఏమైందో తెలియదు గానీ, ఆ పరుగులో అది పొలిమేర దాటాక కూడా వెనక్కి చూడలేదు. దొడ్డి దొడ్డంతా కేరింతలు కొట్టింది. నూకాలమ్మ గంప ఎత్తి, పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుని, పెద్ద కుండ పొయ్యి మీద పెట్టింది.

పొయ్యి దగ్గర తెలివి చూపించాలనుకునేవాడు ముందు వంట నేర్చుకోవాలి.